మగసవతి ట్రాన్స్‌ఫరు

ఈ ఆగస్టులో ఒక పొద్దున టిఫినుకు ఉగ్గాని చేద్దామని బొరుగులు నానబెట్టి ఎర్రగడ్డలు తరుగుతుంటే, వసారాలోంచి మళ్ళీ ఆ గొంతు వినిపించింది. మా ఆయన ఫోనులోంచి వచ్చే గొంతు. ఎవరో ఇంగ్లీషాయన, పక్కింటికి నిప్పంటుకుందని చెప్పేంత ఆత్రంగా, ఫలానా ఆటగాడు ఫలానా జట్టుకు పోతాడా పోడా అని ఊపిరి తిప్పుకోకుండా చెబుతుంటాడు. ఏటా ఎండాకాలం చివర ఆ గొంతు మా ఇంట్లో దిగుతుంది, ఆగస్టు దాటేదాకా పోదు. బంతి ఇంకా ఎవరి కాలికీ తగలదు, ఆట ఇంకా మొదలే కాదు, మాటలు మాత్రం నెలల తరబడి నడుస్తాయి. "మొదలైందా మీ సీజను?" అని వంటింట్లోంచే అడిగాను. రెండోసారి అడిగితే, "ఉండు మే, ముఖ్యమైంది సెప్తాండాడు" అన్నాడు. నేను ఉగ్గానిలో ఇంకో నాలుగు పచ్చిమిరపకాయలు వేశాను. చెయ్యి జారి పడ్డాయని ఆయనతో చెప్పాను గానీ మీతో అబద్ధం ఎందుకు, చూసుకునే వేశాను.

ప్రొద్దుటూరులో సీజను అనే మాటకు ఎవరి అర్థం వాళ్ళకుంది. బంగారు అంగళ్ళ వీధిలో అంటే పెండ్లిళ్ళ సీజను. పత్తి వ్యాపారం వాళ్ళతో అంటే పత్తి సీజను. నాలాంటి పంతులమ్మతో అంటే ట్రాన్స్‌ఫర్ల సీజను, ఆ మాట వింటేనే మాకు గుండెదడ. మా ఆయన మోటార్లకు వైండింగ్ చేస్తాడు. బోర్లలో నీళ్ళు అడుగంటి మోటార్లు కాలిపోయే ఎండాకాలం న్యాయంగా ఆయన సీజను. కానీ ఆయనకు ఇంకో సీజను ఉంది. సముద్రాల అవతల, మేము కలలో కూడా పోని ఊర్లలో, ఎర్రచొక్కాల వాళ్ళూ నీలం చొక్కాల వాళ్ళూ ఆడే ఫుట్‌బాలు సీజను. మా ఆయన ఎర్రచొక్కాల పక్షం. పుట్టుకతో వచ్చిన పక్షమేమో అన్నంత పట్టుదల.

మా ఇంట్లో అసూయలు గొలుసుకట్టుగా ఉంటాయి. ఆయనకు క్రికెట్టంటే కడుపుమంట. తెలుగు పేపరు తెరిచి, ఆటల పేజీలో క్రికెట్టుకు ఇంటిస్థలమంత చోటిచ్చి ఫుట్‌బాలుకు కింద మూలన అగ్గిపెట్టెంత ఇచ్చారని రోజూ గొణుగుతాడు. జమ్మలమడుగులో ఉండే మా అన్నకు క్రికెట్టు తప్ప మరో ఆట లేదు. గంటన్నర పరిగెత్తి సున్నాకు సున్నా అని చెప్పి ఇండ్లకు పోయే ఆట కూడా ఒక ఆటేనా, అంతసేపు నా చేలో వంగితే కలుపన్నా పోయేది అంటాడు. మా పుట్టింటివాళ్ళు దొరల కాలంలో వాక్యం విని క్రైస్తవం పుచ్చుకున్నవాళ్ళు. ఆ తోలుబంతిని కూడా ఆ దొరలే జమ్మలమడుగుకు తెచ్చారనీ, మీవాళ్ళు వాక్యం తీసుకుని బంతిని వదిలేశారనీ మా ఆయన వాదిస్తాడు. బావా బావమరుదులు ఈ విషయం మీద ఒక క్రిస్మసు పూట అన్నం దగ్గర మాటలు మానుకున్నారు కూడా. కోడికూర మాత్రం ఇద్దరూ మానుకోలేదు.

ఇక నా అసూయ. అది క్రికెట్టు మీదా కాదు, ఫుట్‌బాలు మీదా కాదు. ఒక మనిషి మీద. ఎర్రచొక్కాల జట్టులో మధ్యలో ఆడతాడు, మెడ మీద పచ్చబొట్టు, ఆడపిల్ల మాదిరి జుట్టు ముడి. పేరు చెప్పను. చెబితే ఆ పేరును ఇంకోసారి నా ఇంట్లో పలికినట్టవుతుంది, ఇప్పటిదాకా పలికింది చాలు. బయటికి 'ఆ పిల్లోడు' అంటాను. మనసులో మాత్రం మగసవతి అనుకుంటాను.

పెండ్లయిన మూడో ఏట మా ఆయన కువైటు పోయాడు. పోయిన రోజు నాకు బాగా గుర్తు. మా ఊరి బస్టాండులో మద్రాసు బస్సెక్కి, అక్కడినుంచి విమానం. నేను పాపను చంకనెత్తుకుని నిలబడ్డాను. బస్సు కదిలేటప్పుడు ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపాడు, పాప బస్సుకు టాటా చెప్పింది. ఆరేండ్లు ఉన్నాడు అక్కడ. మధ్యలో రెండుసార్లు వస్తే రెండుసార్లూ పాప ఆయన్ను చూసి నా వెనక దాక్కుంది. పోయేటప్పుడు ఫుట్‌బాలంటే ఏమిటో తెలియని మనిషి, వచ్చేటప్పుడు ఒక మందపాటి దుప్పటి, ఒక అత్తరు సీసా, ఒక ఎర్రచొక్కా, ఒక స్నేహితుణ్ణి తెచ్చుకున్నాడు. ఆ స్నేహితుడిది మా ఊరే, పక్కవీధిలో టైలరు. ఇద్దరూ అక్కడ ఒకే గదిలో ఉన్నారు. గదిలో మలయాళం కుర్రవాళ్ళు వీళ్ళిద్దరికీ ఆట నేర్పి, ఒకరిని ఎర్రచొక్కాలకూ ఒకరిని నీలం చొక్కాలకూ పంచుకున్నారట. ఆ టైలరును మేము కువైట్ భాయ్ అంటాము. అంటే నేను లేని ఆ ఆరేండ్లూ మా ఆయనకు తోడున్నది ఒక భాయ్, ఒక బంతి. నాకు లోపల మండిందంటే మండదా మరి?

ఆయన వచ్చాడని సంబరపడినంతసేపు పట్టలేదు, గవర్నమెంటు నన్ను పంపింది. సింహాద్రిపురం అవతల ఒక పల్లె బడి. రోజూ ప్రొద్దుటూరు నుంచి పోయి రావడం కుదరదు. పులివెందులలో ఒక గది తీసుకుని, శనివారం సాయంత్రం ఇంటికి వచ్చి, సోమవారం తెల్లవారే బస్సెక్కేదాన్ని. పాపను గురుకులంలో చేర్చాము. ఇంట్లో ఆయన, మా అత్త. ట్రాన్స్‌ఫరుకు పాయింట్లు కావాలి. మొగుడు గవర్నమెంటు ఉద్యోగి అయితే కొన్ని పాయింట్లు కలుస్తాయి. మోటార్లకు తీగ చుట్టే మొగుడికి ఒక్క పాయింటూ లేదు. సర్కారు లెక్కలో మా ఆయన అసలు మొగుడే కాదు. ఈ మాట ఆయనతో అంటే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

సాయంత్రాలు పులివెందుల గదిలోంచి ఫోను చేసేదాన్ని. ఇద్దరమూ ట్రాన్స్‌ఫర్ల గురించే మాట్లాడుకునేవాళ్ళం, అదే విచిత్రం. నేను నా ట్రాన్స్‌ఫరు గురించి, ఆయన ఆ పిల్లోడి ట్రాన్స్‌ఫరు గురించి. ఆ పిల్లోడు అప్పటికి ఇంకెక్కడో ఆడుతున్నాడు. ఎర్రచొక్కాల వాళ్ళూ నీలం చొక్కాల వాళ్ళూ వాడి కోసం పోటీపడుతున్నారట. వస్తాడంటారు, రాడంటారు, మోకాలికి దెబ్బంటారు, వాళ్ళమ్మకు ఊరు వదలడం ఇష్టం లేదంటారు. ఎక్కడో పుట్టినవాడి తల్లి మనసులో ఏముందో మా ఆయనకు తెలుసు. నేను పొద్దున ఏ బస్సెక్కుతానో, ఆ బస్సు రాకపోతే ఏ ఆటోలో ఎంతమందిమి ఇరుక్కుని పోతామో తెలియదు. చెబుతుంటే "ఊఁ, ఊఁ" అనేవాడు. ఆ ఊఁ కొట్టడంలోనే అవతల ఆయన బుర్రలో ఇంకో వార్త తిరుగుతోందని నాకు అర్థమైపోయేది.

అట్లా మూడేండ్లు గడిచాయి. మూడో ఏడు మా ట్రాన్స్‌ఫర్లు వాయిదా మీద వాయిదా పడుతూ ఆగస్టు దాకా జరిగాయి. ఇవాళ ఆర్డర్లంటారు, రేపంటారు, సర్వరు పనిచెయ్యదు. ఒక శనివారం నాకు కొంచెం జ్వరంగా ఉండి ఊరికి పోలేదు. గదిలో చాప మీద పడుకుని ఉంటే సాయంత్రం అత్త ఫోను చేసింది. అత్త మామూలుగా ఫోను చెయ్యదు. ఫోనులో మాట్లాడితే అవతలివాళ్ళకు వినపడాలంటే అరవాలని ఆమె నమ్మకం, అరిస్తే ఆయాసం వస్తుందని భయం. ఆ రోజు అరిచింది.

జరిగింది ఇదీ. మిద్దె మీద ఆరిన బట్టలు తీయడానికి ఆమె మెట్లెక్కుతోంది. పైన మా ఆయన ఫోనులో ఎవరితోనో అంటున్నాడు, ట్రాన్స్‌ఫరు అయిపోయింది, సంతకమొక్కటే తక్కువ, ఇంక మా దగ్గరికి వచ్చేసినట్టే అని. మా ఇంట్లో ట్రాన్స్‌ఫరు అనే మాటకు అత్తకు తెలిసి ఒక్కటే అర్థం. బట్టలు మెట్ల మీదే వదిలేసి, "నిజమేనారా, వచ్చినట్టేనా?" అని అడిగింది. ఆయన మొహమంతా నవ్వుతో, "వచ్చినట్టే మా, ఇంగ డోకా లేదు" అన్నాడు. మన భాషలో ఉన్న చిక్కు చూడండి. వచ్చినాడు అని ఉంటే, పోనీ వచ్చింది అని ఉంటే, అక్కడికక్కడ తేలిపోయేది. వచ్చినట్టే అంటే ఆడా మగా ఎవరైనా రావచ్చు.

"సామానంతా ఏసుకోని వచ్చేయ్ మే" అంది అత్త. నాకు నమ్మకం చాలక, ఆయనకెట్లా తెలుసని అడిగాను. ఆఫీసులో ఎవరో చెప్పుంటారు అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి ఒక మాట చెప్పింది. "మూడేండ్లు ఎదురుసూసినా భాయ్, దినామూ ఇదే ద్యాస అని సెప్తాండాడు మే. సెప్తాంటే వాని గొంతు పూడుకపాయ."

నేను చాప మీద లేచి కూర్చున్నాను. జ్వరం ఎటు పోయిందో తెలియదు. నిజం చెబితే ట్రాన్స్‌ఫరు కంటే ఆ మాటే నన్ను ఎక్కువ కదిలించింది. నాతో ఫోనులో ఊఁ కొట్టే మనిషి, నాకు తెలియకుండా మూడేండ్లు నా కోసం రోజూ తపించాడా? పైకి చెప్పలేక భాయ్‌తో చెప్పుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడా? ఆయనకు ఫోను చేశాను, ఎంగేజ్. మళ్ళీ చేశాను, ఎంగేజ్. అందరికీ చెప్పుకుంటున్నాడు కాబోలు, సంబరంలో ఉన్నాడు, పొద్దునే పోయి ఎదురుగా నిలబడదాం అనుకున్నాను. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఇంటి ఓనరమ్మ వచ్చి ఏమైందని అడిగితే, గది ఖాళీ చేస్తున్నానని చెప్పాను. హెడ్మాస్టరుకు ఫోను చేశాను. ఆర్డరు చూడకుండానే ఆయన పార్టీ అడిగాడు.

ఆదివారం పొద్దున గ్యాసు పొయ్యి, గిన్నెలు మూటగట్టిన గోతం, బిందె, చాప అన్నీ బస్సెక్కించాను. కండక్టరు చూసి, సంసారం ఎక్కడికి పోతోందమ్మా అని అడిగాడు. మా ఇంటికన్నా అన్నాను. ముద్దనూరు దాకా ఆ పొయ్యిని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను, దారంతా నాకు అది బరువనిపించలేదు.

నేను బస్సులో ఉన్న ఆ సమయానికి ప్రొద్దుటూరులో మా అత్త మందిరంలో, అంటే మా చర్చిలో, ఉంది. మాలో ఒక అలవాటుంది. దేవుడు మేలు చేస్తే ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, అందరి ముందూ ఆ మేలు చెప్పి స్తోత్రం చెల్లించాలి. దాన్ని సాక్ష్యం చెప్పడం అంటాము. అత్త లేచి నిలబడింది. మూడేండ్లు కన్నీళ్ళతో అడిగితే ప్రభువు ఆలకించాడనీ, ట్రాన్స్‌ఫరు అయ్యిందనీ సాక్ష్యం చెప్పింది. మందిరమంతా చప్పట్లు కొట్టింది. పాస్టరుగారు కృతజ్ఞతా ప్రార్థన చేశారు. మా ఆయన ఆ ఆరాధనకు పోలేదు, ముందురోజు ఆట చూసి పొద్దెక్కేదాకా పడుకుని, లేచి భాయ్ వాళ్ళింటికి పోయాడు. ఆయన పోయి ఉంటే కథ అక్కడే ఆగేది.

నేను ఇల్లు చేరేసరికి మందిరం ఆడవాళ్ళు ఏడెనిమిదిమంది వసారాలో ఉన్నారు. పాస్టరుగారు కుర్చీలో. లోపల నేతిలో కాలుతున్న ఓళిగల తీపి వాసన. నేను పొయ్యితో గడప దగ్గర నిలబడితే అందరూ స్తోత్రమమ్మా స్తోత్రం అన్నారు. సరిగ్గా అప్పుడే మా ఆయన వచ్చాడు, ఒంటిమీద ఎర్రచొక్కా, చేతిలో స్వీటు డబ్బా. వెనక కువైట్ భాయ్, మొహం వేలాడేసుకుని. పాస్టరుగారు లేచి మా ఆయన చెయ్యి పట్టుకుని, మూడేండ్లు ఎదురుచూసిన ట్రాన్స్‌ఫరు అయిందట కదా, సంఘమంతా మీకోసం ప్రార్థించింది అన్నారు. మా ఆయన కళ్ళు వెలిగిపోయాయి. ఈ ఊర్లో తనను అర్థం చేసుకునే మనిషి ఇన్నాళ్ళకు దొరికాడన్నట్టు పాస్టరుగారి వంక చూశాడు.

"పాస్టరుగారూ, మీరు గూడా ఎర్రచొక్కాలేనా?"

పాస్టరుగారికి ఏమీ అర్థం కాలేదు. మా ఆయన తిరిగి నన్ను చూశాడు, నా చేతిలో పొయ్యిని చూశాడు, పక్కన బిందెను చూశాడు. "నువ్వేంది, సామానంతా మోసుకొచ్చినావు?" అన్నాడు. అంతే. నాకు చెప్పాల్సిన పనిలేదు, ఆ ఒక్క మాటకు మొత్తం తేలిపోయింది. పొయ్యి కింద పెట్టాను. నా జీవితంలో ఏ వస్తువునూ అంత మెల్లగా కింద పెట్టలేదు.

వచ్చినవాళ్ళకు పెట్టక తప్పదు కదా, అందరికీ ఓళిగలు వడ్డించాను. పాస్టరుగారికి విషయం చెబితే, దేవుని సన్నిధిలో చేసిన ప్రార్థన ఎక్కడికీ పోదు అని, ఇంకో ఓళిగ వేయించుకున్నారు. నాతోపాటు ఆ ఇంట్లో గొంతు దిగనిది కువైట్ భాయ్‌కే. నేను నేతి గిన్నె తీసుకుని ఆయన దగ్గరికి పోతే, "వదినా, మనిద్దరిదీ ఒకటే కడుపుమంట" అన్నాడు. "మా నీలం చొక్కాలకు రావాల్సినోడు, ఈడు ఎగరేసుకపాయ." ఆయన మీద జాలేసింది. ఇంకొంచెం నెయ్యి వేశాను.

అందరూ పోయాక మిద్దె మీదికి పోయాను. ముందురోజు అత్త వదిలేసిన బట్టలు ఇంకా మెట్ల మీదే ఉన్నాయి. ఆయన వెనకే వచ్చాడు. నేను అరవలేదు. మూడేండ్లు ఎదురుచూశానని భాయ్‌తో అన్నది ఎవరి గురించి అని మాత్రం అడిగాను. ఆయన తల వంచుకుని, ఆ పిల్లోడి గురించేనన్నాడు. గొంతు పూడుకుపోయింది కూడా వాడికోసమేనా అన్నాను.

"వాళ్ళమ్మకు ఏం ఇష్టమో సెప్తివి, వాని మోకాలు ఎట్లుండాదో సెప్తివి. నేను పని చేసే ఊరి పేరు సెప్పు."

"సింహాద్రిపురం పక్కన..." అని ఆగిపోయాడు. నేను చూస్తూ నిలబడ్డాను. పక్కింటివాళ్ళ కుక్కర్ రెండు విజిళ్ళు వేసింది. ఆయనకు ఊరి పేరు రాలేదు.

అప్పుడు ఆయన పిట్టగోడ మీద కూర్చుని చెప్పిన మాటను నేను ఇన్నేండ్లలో ఎవరితోనూ అనలేదు. "ఆడ రూములో పదిమందిమి ఉంటిమి. నువ్వూ పాపా గుర్తొస్తే ఏడుపొచ్చేది. మొగోళ్ళ ముందర యాడ ఏడ్సేది? ఆట పెట్టుకోని, మావోళ్ళు గోలు ఏసినా ఏడుస్తాంటి, ఏయకపోయినా ఏడుస్తాంటి. ఆట కోసం ఏడుస్తాండాడులే అనుకునేటోళ్ళు. పోనుపోను అదే అలవాటాయ. ఇప్పుడు నీ కోసరం ఏడ్సాలన్నా నాకు ఆట కావాల."

ఆ మాటతో నా కోపమంతా కరిగిపోయిందని మీరనుకుంటే, మీకు ఆడవాళ్ళ సంగతి తెలియదన్నమాట. సగం కరిగింది. మిగిలిన సగం ఇంకా పెరిగింది. నాకు రావాల్సిన కన్నీళ్ళు కూడా ఆ ఎర్రచొక్కాల ఖాతాలో పడ్డాయా అని కుళ్ళుకున్నాను. ఆయన పక్కన కూర్చున్నాను కానీ, రాత్రి సంగటిలోకి ఊరిబిండి పచ్చడి మాత్రం నూరలేదు. ఆయనకు అది లేకపోతే ముద్ద దిగదు.

సోమవారం తెల్లవారి బస్సుకు పొయ్యి మళ్ళీ బయల్దేరింది. ఈసారి మోసింది ఆయన. బస్టాండు దాకా వస్తాడనుకున్నాను, బస్సెక్కి నా పక్కన కూర్చున్నాడు. కాళ్ళ దగ్గర వైండింగు సామాన్ల సంచి. ఏందిది అంటే, ఫుట్‌బాలులో ఒక పద్ధతుందనీ, ఒక జట్టు తన ఆటగాణ్ణి ఇంకో జట్టుకు సీజను మొత్తానికి అరువిస్తుందనీ చెప్పాడు. "నీకు ట్రాన్స్‌ఫరు రాకపోతే నాకు రాకూడదా? ఒక సీజనుకు అరువు మీద వస్తాండా" అన్నాడు. ఆ పొద్దున ఇల్లు కదిలేముందు అత్తతో ఇదే చెబితే, అరువు సొమ్ము బరువు చేటు, జాగ్రత్త అని కోడలికి చెప్పు అందట. అరువు మొగుడు అని ఆ ఏడాదంతా ఓనరమ్మ ముందు నేను ఆటపట్టించాను. మొదట ఆయన్ను మా బడికి తీసుకుపోయాను. గోడమీద రాసిన ఊరి పేరును పైకి చదివి, ఇంకోసారి చదివాడు. ఆ చుట్టుపక్కల చీనీ తోటలకు, అరటి తోటలకు బోర్లే ఆధారం, కాలే మోటార్లకు కొదవలేదు. ఆదివారాలు ప్రొద్దుటూరు పోయి అత్తను, తన వైండింగు అంగడిని చూసుకుని వచ్చేవాడు. పులివెందుల గదిలో ఒకటే చాప, ఒకటే ఫ్యాను. సాయంత్రం ఇద్దరం ఒకే కంచంలో బొరుగులు కలుపుకుని తినేవాళ్ళం. ఆయన ఆట చూస్తుంటే నేను పేపర్లు దిద్దేదాన్ని. ఆ పిల్లోడు గోలు వేస్తే ఆయన నా భుజం మీద చరిచేవాడు, ఎన్ని సున్నాలు వంకరపోయాయో. ఆయన కువైటు పోయినప్పటినుంచి మేము వరుసగా ఒక ఏడాది కలిసి ఉన్నది అదే మొదటిసారి. అయినా ఆ పిల్లోడి మీద నా కుళ్ళు తగ్గలేదు. నేను తెచ్చుకోలేని మొగుణ్ణి వాడు తెచ్చిపెట్టాడే అని ఇంకో కొత్త కుళ్ళు చేరింది.

మరుసటి ఏడు నాకు నిజంగానే ట్రాన్స్‌ఫరు వచ్చింది, రాజుపాలెం మండలానికి, ఇంటినుంచి రోజూ పోయి వచ్చేంత దూరం. మా అత్త ఏమీ ఆశ్చర్యపోలేదు. తను స్తోత్రం ముందే చెల్లించేసిందనీ, దేవుడే కొంచెం ఆలస్యం చేశాడనీ అంది. మళ్ళీ సాక్ష్యం చెప్పమంటే, ఒక మేలుకు రెండుసార్లు చెప్పరంటూ లేచి నిలబడలేదు.

ఇదంతా జరిగి ఏండ్లయింది. మొదట చెప్పిన ఈ ఆగస్టు పొద్దున ఉగ్గాని తీసుకుపోయి ఆయన ముందు పెడితే, తినలేదు. కారం ఎక్కువైందేమో, కనిపెట్టేశాడేమో అనుకున్నాను. మొహం చూస్తే అది కాదు. అత్తకు ఇప్పుడు చూపు ఆనదు గానీ కొడుకు మౌనం మాత్రం బాగా వినిపిస్తుంది. ఏమైందిరా అంది.

"నువ్వు సాక్ష్యం సెప్తివే మా, ఆ పిల్లోడు. ఎర్రచొక్కాలు ఇడిసిపెట్టి గల్ఫుకు పోతాండాడు. వయసైపోయింది గదా, ఆడ దుడ్లు శానా ఇస్తారంట."

అత్త నోట్లో ముద్ద మింగి అడిగింది. "అయ్యో పాపం. పెండ్లాన్నీ బిడ్డల్నీ యాడ ఇడిసిపెట్టి పోతాడంట?"

ఆ ఇంగ్లీషాయన ఫోనులో ఏదో ఆత్రంగా చెబుతూనే ఉన్నాడు, ఈయన దాన్ని ఆపేశాడు. నా వైపు చూడకుండా ఫోను నా చేతికిచ్చి, "అందరూ కలిసే పోతాండారు మా" అన్నాడు అత్తతో.

ఫోటో విమానాశ్రయంలో తీసింది. ఆ పిల్లోడి జుట్టు ముడి అట్లాగే ఉంది, చెంపలు కొంచెం నెరిశాయి. పక్కన ఆమె, చంకలో చంటిబిడ్డ. వాడి చెయ్యి ఆమె భుజం మీద ఉంది. చాలాసేపు చూశాను. ఇన్నేండ్లూ నేను కుళ్ళుకోవాల్సింది వాడి మీద కాదు, ఈమె మీద. ఫోను తిరిగి ఇచ్చేసి, తినండి, చల్లారిపోతుంది అన్నాను. సీజన్లు వస్తుంటాయి, పోతుంటాయి, ఆయన ఇప్పుడు నా ఎదురుగానే కూర్చుని ఆ కారం ఉగ్గాని తింటున్నాడు. అయినా నాలో ఒక మనిషి ఇంకా ప్రొద్దుటూరు బస్టాండులోనే, పాపను చంకనెత్తుకుని, మద్రాసు బస్సు పోయిన దిక్కే చూస్తూ నిలబడి ఉంది.